అతుకు పడని వంతెన

ఆరోగ్య కేంద్రంలో అందరూ ఆయన్ని ‘పటాలాయన’ అని పిలుస్తారు. కొత్తగా చేరినవాళ్ళు పటాలం అంటే సైన్యమనుకుని, ఈ బక్క ప్రాణి ఏ యుద్ధం చేసొచ్చాడా అని ఎగాదిగా చూస్తారు. ఆయన చేసిన యుద్ధమల్లా ఎలుకతోనే. అదేనండీ, కంప్యూటర్ ఎలుకతో.

మందుల గది వెనకాల, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసిన కొట్టులో ఆయన బల్ల ఉంటుంది. గోడకి ఒక కిటికీ, కిటికీకి ఒక అద్దం తక్కువ. ఆ గదిలో కూర్చుని ఆయన నర్సుల కోసం దారుల పటాలు గీస్తాడు. కాలువ అవతలి పేటంతా పల్లపు నేల. రెల్లు గుబుర్ల మధ్య సందులు, సందుల్లో సందులు, ఒక్కదానికీ బోర్డు ఉండదు. ఫోన్ అక్కడ మూగబోతుంది. అందుకే ఇళ్ళకు వెళ్ళి కట్లు కట్టే, సూదులు వేసే ప్రతి నర్సుకీ సబ్బుపెట్టెంత జీపీఎస్ యంత్రం ఒకటి ఇచ్చారు. అది ఆకాశంలోని ఉపగ్రహాలను అడిగి ‘నువ్విక్కడున్నావు’ అని చెప్పగలదు. ఆ ‘ఇక్కడ’ చుట్టూ ఏముందో మాత్రం దానికి బొత్తిగా తెలియదు. ఎవరో ఒకరు బొమ్మ గీసి దాని కడుపులో పెట్టాలి.

ఆ ఎవరో ఈయనే. ముందు యంత్రం జేబులో వేసుకుని తనే నడుస్తాడు. నడిచినంత మేరా అది చుక్కలు పెట్టుకుంటూ వస్తుంది. ఆ చుక్కల్ని కంప్యూటర్లోకి దించి, ఆకాశం నుంచి తీసిన ఫొటో కింద పరిచి, చుక్కల వెంట గీతలు గీస్తాడు. మనిషి నడిచే సందుకి ఒక రంగు, బండి పట్టే రోడ్డుకి ఒక రంగు. జారే మెట్లకొక గుర్తు, కరిచే కుక్కకొక గుర్తు. స్క్రీన్ చిన్నది కాబట్టి పేర్లు కత్తిరించక తప్పదు. ‘పాత సున్నపుబట్టీ వెనక సందు’ ఆయన చేతిలో పడి ‘సున్నం సందు’ అయిపోయింది. చివరికి అంతా ఒక్క ఫైలుగా కట్టి, గోరంత కార్డులోకి ఎక్కించి యంత్రంలో పెడతాడు.

ఈ పనిలో అన్నిటికంటే పెద్ద తలనొప్పి అతుకు. రెండు దారులు కలిసేచోట రెండు గీతలూ కంటికి ఆనినట్టు కనిపిస్తే సరిపోదు. ఈ గీత చివరి చుక్కా ఆ గీత మీది చుక్కా ఒకటే అయి ఉండాలి. వెంట్రుకవాసి ఎడం ఉన్నా యంత్రం అక్కడ దారి లేదనుకుంటుంది. పక్కనే ఉన్న ఇంటికి ఊరు చుట్టి రమ్మంటుంది. ముక్కు ఏదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించే రకం అది. అందుకని పటాలాయన కార్డులు ఎక్కించే ముందు ప్రతి అతుకూ పెద్దది చేసి చూసుకుంటాడు.

ఆయన ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేయడానికి కారణం జీతం కాదు, భార్య. ఆవిడా అక్కడే నర్సు. చెయ్యి ఎంత తేలికంటే, సూది గుచ్చాక పిల్లలు ఏడవడం మర్చిపోతారు. కానీ దిక్కుల విషయంలో ఆ తల్లి సున్నా. ‘ఇక తూర్పు తిరిగి దండం పెట్టుకో’ అంటే ‘తూర్పెటు?’ అని అడిగే మనిషి. పెళ్ళైన కొత్తలో కూరగాయలకు వెళ్ళి పక్క వీధిలో ఎవరింటి తలుపో తట్టింది. “మా కోడలు బంగారమే గానీ, గేటు దాటితే చిల్లర డబ్బులే, ఎక్కడ రాలిపోతుందో చెప్పలేం” అని అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది.

నవ్వులాట పక్కన పెడితే, ఈ మధ్య ఆవిడ రెండుసార్లు దారి తప్పి రోగుల ఇళ్ళకు ఆలస్యంగా చేరింది. పెద్ద నర్సు పిలిచి, “ఇంకోసారి ఇలా అయితే నిన్ను మందుల గదిలో కూర్చోబెడతాను. గోలీలు లెక్కపెట్టుకో” అని తేల్చేసింది. ఆవిడకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఇల్లిల్లూ తిరగడం, ముసలివాళ్ళ కబుర్లు వినడం, మానిన పుండు చూసి మురిసిపోవడం, ఇవి లేకపోతే తన ఉద్యోగంలో ఇంకేముంది? ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, “నన్ను నాలుగు గోడల మధ్య పెట్టేస్తారండీ” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పటాలాయనకి ముద్ద దిగలేదు.

సరిగ్గా అప్పుడే కాలువ మీద పాత నడక వంతెన తీసేసి, కాస్త ఎగువన కొత్తది కట్టారు. పటాలాయన వెళ్ళి దాని మీద అటూ ఇటూ నడిచొచ్చాడు. మర్నాడు కాలువ అవతల సున్నం సందులో ఉండే ముసలమ్మ కాలిపుండుకి కట్టు మార్చాల్సింది ఆయన భార్యే. నాలుగింటికి పెద్ద నర్సు కూడా అక్కడికే వచ్చి, పనితో పాటు మనిషి వేళకి చేరిందా లేదా చూస్తానంది. కాబట్టి కొత్త వంతెన ఆ సాయంత్రమే యంత్రాల్లోకి ఎక్కాలి. ఆయన దాన్ని ఎంత ముద్దుగా గీశాడంటే, మధ్యలో ఉన్న చిన్న వంపు కూడా వదల్లేదు. గీసి మురిసిపోయాడు. కార్డులన్నీ నింపేశాడు. అందం చూసుకున్న మహానుభావుడు అతుకు చూసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం పొడుగు నర్సు చెప్పులు ఈడ్చుకుంటూ గదిలోకి వచ్చింది.

“ఏమయ్యా పటాలాయనా, నామీద నీకేం పగ? కాలువ అవతలికి పోవాలంటే నీ యంత్రం నన్ను ఇటుకబట్టీల రోడ్డంతా తిప్పింది. కాళ్ళు అరిగిపోయాయి.”

“వంతెన ఉందిగా అక్కా?”

“వంతెనంటే దానికి తెలిస్తేగా!”

ఆయన మ్యాపు తెరిచి వంతెన మొదలు పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. గట్టు గీతకీ వంతెన గీతకీ మధ్య చీమ దూరేంత సందు. భార్య అప్పటికే బయల్దేరింది. యంత్రం చెప్పినట్టే నడుస్తుంది, ఇటుకబట్టీల రోడ్డు పట్టుకుంటుంది, నాలుగింటికి పెద్ద నర్సు ముసలమ్మ మంచం పక్కన ఒక్కతే కూర్చుని ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన అతుకు వేసి, మరుక్షణం సైకిలెక్కాడు. బట్టీల రోడ్డు మీద ఆవిడని పట్టుకుని, వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తే ఇంకా అందుకోవచ్చు.

రోడ్డంతా చూశాడు. లేదు. బట్టీల దగ్గర టీ కొట్టావిణ్ణి అడిగాడు.

“నర్సమ్మా? పొద్దున పొడుగావిడ పోయింది, ఎవర్నో తిట్టుకుంటూ. తర్వాత ఎవరూ రాలేదే?”

తిట్లు ఎవరికో ఆయనకి తెలుసు గనక ఆ సంగతి కదపలేదు. కానీ భయం రెట్టింపైంది. చుట్టుదారిలోనూ లేదంటే, దారి తప్పడంలో కూడా దారి తప్పిందన్నమాట! అడ్డదారిన పోదామని ఒక సందులోకి తిప్పాడు. కంగారులో యంత్రం బల్ల మీదే వదిలేసి వచ్చాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి ఏ రెల్లు చూసినా ఒకటే రెల్లు. గుమ్మంలో బట్టలు పిండుతున్న ఒకాయన్ని అడిగాడు.

“బాబూ, సున్నం సందు ఎటు?”

“సున్నం సందా? ఇక్కడ అలాంటి సందు లేదండీ. నేను పుట్టింది ఇక్కడే.”

ఆ పేరు తన కంప్యూటర్లో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదని అప్పుడు తట్టింది పటాలాయనకి. తల గోక్కుని, పాత సున్నపుబట్టీ గుర్తులు చెప్పుకుని, ఇంకో ఇద్దర్ని అడిగి, ఎలాగో ముసలమ్మ ఇల్లు చేరాడు. అప్పటికి నాలుగు ఎప్పుడో దాటింది.

లోపల ఆయన భార్య తీరిగ్గా చేతులు తుడుచుకుంటోంది. ముసలమ్మ కాలికి తెల్లటి కట్టు, ముద్దొచ్చేంత నీటుగా ఉంది.

“మీరేంటి ఇక్కడ? ఆ చెమటలేంటి?” అంది ఆవిడ.

“పెద్ద నర్సు...”

“వచ్చింది, చూసింది, వెళ్ళింది. ఆవిడ వచ్చేటప్పటికి నేను సగం కట్టు కట్టేశాను. పేట పని ఇక నీదేలే అంది. ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను, మీరే వచ్చేశారు!” మొహం వెలిగిపోతోంది.

ఆయన గుమ్మంలోనే చతికిలపడ్డాడు. ముసలమ్మ మంచం మీంచి తొంగిచూసి, “ఎవరమ్మా ఈయన, పాపం?” అంది.

“మా ఆయన, బామ్మా. మా అందరికీ దారులు గీసేది ఈయనే.”

“మరి ఇంత ఆలస్యమైందేం?”

పటాలాయన ఆ మాట వినబడనట్టు భార్యవైపు తిరిగాడు. “ఎటునుంచి వచ్చావు నువ్వు?”

“వంతెన మీంచి. యంత్రం కుడికి తిరుగు, కుడికి తిరుగు అని ఒకటే పోరు. నేను తిరగలేదు.”

“యంత్రం మాట కాదన్నావా? నువ్వా? ఎదురుగా వంతెన కనిపించిందనా?”

“నా కళ్ళని నేను నమ్మడం ఎప్పుడో మానేశాను కదండీ. స్క్రీన్ మీద మీ గీత వంతెన ఎక్కింది. నేనూ ఎక్కాను.” చెంగుతో ఆయన నుదుటి మీది చెమట తుడిచింది. “ఆ యంత్రం ఎవరో చేసి అమ్మింది. గీత మీరు నడిచి గీసింది. మీ కాలు పడని చోట మీరు గీత గీయరు. ఆపాటి నాకు తెలియదా?”

ఇన్నేళ్ళ పనిలో ఇంత సంతోషం ఆయన ఎరగడు, ఇంత సిగ్గూ ఎరగడు. దాచుకోలేక చెప్పేశాడు.

“ఆ గీతే తప్పే. గట్టు దగ్గర అతుకు వేయలేదు నేను. మధ్యలో సందు ఉంది.”

“ఉంటే నేను కాలువలో పడాలిగా?” అంది ఆవిడ సంచి సర్దుకుంటూ. “పడలేదు. లేవండి, ఇంటికి పోదాం. మీరు మాత్రం ముందు నడవకండి, వచ్చేటప్పుడే తప్పిపోయారు. నేను తీసుకెళ్తాను.”

పటాలాయన సైకిల్ నడిపించుకుంటూ ఆవిడ వెనకే నడిచాడు.