పరుపు వైపు ముడి

మా పిన్ని పెద్దాసుపత్రి నేలమాళిగలో దుప్పట్లకు మాసికలు వేస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే బల్ల. గదికి ఒకటే కిటికీ, అదీ పైకప్పుకు ఆనుకుని ఉంటుంది. అందులోంచి మనుషులు కనబడరు, వాళ్ళ చెప్పులు కనబడతాయి. పక్కనే బాయిలరు గది ఉండడంతో గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది.

ఆసుపత్రిలో అందరూ ఆవిడను మాసికల పిన్ని అనే పిలుస్తారు. నాకు మాత్రం నిజంగానే పిన్ని, మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి ఆవిడ ఇంటికి వచ్చాను, తర్వాత ఆవిడ గదికీ వచ్చాను. దిండు గలీబులు కుట్టడం నేర్పింది. దుప్పట్లు మాత్రం ముట్టుకోనివ్వలేదు.

"గలీబు చిరిగితే దిండుకే నొప్పి. దుప్పటి మీద మనిషి పడుకుంటాడే," అనేది.

మిషను కుట్టు గట్టుకట్టి ఒంటికి గుచ్చుకుంటుందని దుప్పట్లన్నీ చేత్తోనే కుట్టేది. మాసిక నాలుగో మూల పూర్తయ్యాక, దారం తెంపే ముందు, దాని మీద బొటనవేలు ఆనించి ఒక్క మాట అనేది: "ప్రభువా, దీని మీద పడుకున్నవాళ్ళు లేచి ఇంటికి నడిచి వెళ్ళాలి." కళ్ళు మూసుకునేది కాదు, గొంతు మార్చేది కాదు. పక్కింటావిడను చాట అడిగినంత మామూలుగా అడిగేది. రోజుకు ఇరవై దుప్పట్లు, ఇరవై సార్లు.

మాసిన బట్టల బండి తోసుకొచ్చే వార్డు ఆయమ్మకు ఇది పెద్ద వేడుక. "ఏం పిన్నీ, ప్రార్థన కూడా పీసు లెక్కనేనా?" అని గుమ్మంలోంచే మొదలెట్టేది.

"నువ్వు రా, నీ నోటికీ ఒక మాసిక వేస్తాను," అనేది పిన్ని.

బాబాయి ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఇంట్లో ఆయన ఉన్నాడో లేడో తెలిసేది కాదు, అంత నెమ్మది. కిందటేడు ఊపిరితిత్తులు చెడి ఇదే ఆసుపత్రిలో, మూడో అంతస్తులో చేరాడు. మొదటి రోజు ఆయన్ని పడుకోబెట్టిన దుప్పటికి భుజం కింద పిన్ని వేసిన మాసిక ఉంది. "చూశావా, నా చేతి కుట్టే వచ్చింది," అని మురిసిపోయింది. ఆయన లేచిన ఆదివారం మందిరంలో నిలబడి ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతానని మొక్కుకుంది. జనంలో నోరు విప్పడమంటే ఆవిడకూ నాలాగే చచ్చే భయం. అయినా మొక్కుకుంది.

నలభై ఒక్క రోజులు ఉన్నాడు. లేవలేదు.

వారం తర్వాత పిన్ని పనిలోకి వచ్చింది. బల్ల మీద దుప్పట్ల దొంతర చూసి పక్కకు నెట్టి, వార్డు పరదాలు ముందేసుకుంది.

"నా మాసిక మీదే పోయాడు," అంది, నా వైపు చూడకుండా. "ఇంక నేను కుట్టను."

పరదా చివర మడిచి కుట్టేటప్పుడు బొటనవేలు ఆనించేది కాదు. దారం పళ్ళతో కొరికి పక్కన పడేసేది.

పాస్టరుగారు ఇంటికి వచ్చి, "ప్రభువు ప్రేమించినవాళ్ళకే శ్రమలు ఎక్కువమ్మా," అన్నారు. పిన్ని ఆయన ముందు టీ గ్లాసు పెట్టి, "అయితే నన్ను కాస్త తక్కువ ప్రేమించమని చెప్పండి అయ్యగారూ. నాకు ఓపిక లేదు," అంది. ఆయన టీ తాగి వెళ్ళారు. మంచివారే.

అలాగని మందిరం మానలేదు. చెప్పుల పక్కనున్న చివరి బల్ల మీద నోరు మూసుకుని కూర్చునేది. పాడనప్పుడు ఎందుకు రావడమని ఒకసారి అడిగేశాను.

"ఎక్కడికి పోనే? అలిగినా ఆయన గుమ్మంలోనే కదా కూర్చోవాలి," అంది.

సూపర్‌వైజరు రెండు వారాలు చూశాడు. మూడో వారం గదిలోకి వచ్చి, "పరదాలకు మనిషి దండగ. సోమవారానికి దుప్పట్లు పట్టకపోతే ఉతుకుడు సెక్షన్‌కి వెళ్ళాలమ్మా," అన్నాడు. ఉతుకుడు అంటే తడి నేల మీద ఎనిమిది గంటలు నిలబడడం. పిన్ని మోకాళ్ళు ఇంటి మెట్లకే మూలుగుతాయి.

"పంపించండి," అంది పిన్ని.

నాకు భయం పట్టుకుంది. సోమవారం నుంచి ఆవిడ దుప్పట్లు కూడా నేనే కుట్టడం మొదలుపెట్టాను. పొద్దున్నే వచ్చేదాన్ని, తిండి మానేసి కుట్టేదాన్ని. పిన్ని చూసింది, కానీ వద్దనలేదు, కుట్టమనీ అనలేదు. మూడు రోజుల్లో అరవై అయ్యాయి. సూపర్‌వైజరు దొంతర చూసి తలాడించి వెళ్ళాడు. గండం గడిచిందనుకున్నాను.

గురువారం ఆయమ్మ బండి లేకుండా వచ్చింది. చేతిలో ఒక్క దుప్పటి.

"ఎవరమ్మా ఈ ఘనకార్యం? ఎనిమిదో మంచం ముసలమ్మ వీపు గీరుకుపోయింది. పాపం, తనంతట తాను కదల్లేదు, నొప్పని ఎవరికీ చెప్పుకోదు. పొద్దున పక్కకు తిప్పితే నెత్తుటి చార!"

పిన్ని దుప్పటి అందుకుని మాసిక మీద బొటనవేలు పెట్టింది. నాలుగు మూలల్లో నాలుగు ముళ్ళు, నాలుగూ పై వైపే. గలీబును తిరగేసి కుడతాం, ముడి మన వైపు వేస్తాం. మళ్ళీ తిప్పితే అది లోపలికి పోతుంది. దుప్పటిని ఎవరూ తిరగేయరు. దాని ముడి పరుపు వైపు పడాలి. గలీబులకు అలవాటుపడిన చేత్తో అరవై దుప్పట్లకూ ముడి మనిషి వైపు వేశాను.

"పిన్నీ, నేను..."

"తెలుసులే." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఆయమ్మకు ఆగాలనిపించలేదు. "మీ ఆయన నలభై ఒక్క రోజులు వెల్లకిలానే ఉన్నాడు. రోజూ ఒళ్ళు తుడిచింది నేనే. వీపు మీద ఒక్క గీత చూపించు చూద్దాం! అలాంటి చేతిని పరదాలకు పెట్టుకుని కూర్చున్నావు."

పిన్ని దుప్పటి మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత లేచి, వెచ్చటి గోడకు ఆరేసిన తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని బయల్దేరింది. లిఫ్టు స్ట్రెచర్లకే. మూడు అంతస్తులూ గోడ పట్టుకుని, ప్రతి మలుపులో ఆగి ఎక్కింది. బాబాయి పోయాక ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. నేను వెనకే వెళ్ళాను.

ముసలమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఎవరూ?" అంది.

"దుప్పట్లు కుట్టేదాన్నమ్మా. మా వల్ల తప్పు జరిగింది."

"కూర్చో కాసేపు," అంది ముసలమ్మ, తప్పేమిటో అడగకుండానే. "పొద్దుటి నుంచి ఈ గోడ తప్ప ఎవరూ మాట్లాడలేదు."

పిన్ని మంచం అంచున కూర్చుంది. గాయం లేని చోట, భుజం మీద చెయ్యి వేసింది. మధ్యాహ్నం భోజనాల గంట మోగే దాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

కిందికి వచ్చాక ఆయమ్మను పంపి వార్డులన్నీ గాలించి ఆ అరవై దుప్పట్లూ తెప్పించాం. విప్పడానికి రెండు రోజులు, మళ్ళీ కుట్టడానికి నాలుగు రోజులు పట్టింది. నేను ముళ్ళు విప్పాను, పిన్ని కుట్టింది. బొటనవేలు మాత్రం ఆనించలేదు. నేను ప్రతి నాలుగో మూలకూ చెవి ఒగ్గి ఉండేదాన్ని, దారం తెగిన చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. పొద్దునొకసారి, ఇంటికెళ్ళే ముందొకసారి మాత్రం మెట్లెక్కి ఎనిమిదో మంచం దాకా వెళ్ళొచ్చేది.

ఆరో రోజు ఆయమ్మ గుమ్మంలో నిలబడింది. ఈసారి వేళాకోళం లేదు.

"ముసలమ్మ వెళ్ళిపోయింది పిన్నీ. తెల్లవారుజామున."

పిన్ని సూది ఆగింది. ఇక ఈ దుప్పటి కూడా పక్కకు పోతుందని, మళ్ళీ పరదాలే వస్తాయని అనుకున్నాను. ఆవిడ కిటికీ వైపు చూసింది. చెప్పులు పోతున్నాయి, వస్తున్నాయి. చాలాసేపటికి మళ్ళీ సూది కదిలింది. నాలుగో మూల అయింది. ముడి కిందికి తీసింది. బొటనవేలు వచ్చి మాసిక మీద ఆనింది.

"ప్రభువా," అంది, అలసిపోయిన మనిషి ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు. "దీని మీద పడుకున్నవాళ్ళు లేచినా లేవకపోయినా, నువ్వు మంచం అంచున కూర్చో."

దారం తెంపింది. నాతోనో, తనతోనో అంది: "మీ బాబాయి దగ్గర కూర్చునే ఉన్నాడే ప్రభువు. నేను లేపు, లేపు అని సతాయిస్తూ ఆయన మొహం చూడనే లేదు. ఈ మాత్రం తెలిసేసరికి నా మోకాళ్ళు అరిగిపోయాయి."

ఆ ఆదివారం కూడా చెప్పుల పక్కనే కూర్చుంది. సాక్ష్యాల వేళ లేవలేదు. కీర్తన చివరి చరణం మాత్రం గొంతు కలిపింది. బొంగురుగా, శ్రుతి తప్పి.

సోమవారం నా ముందు ఒక దుప్పటి పడేసింది.

"ముడి ఎటు?"

"పరుపు వైపు."

"ఊఁ. ముందు నా సూదిలో దారం ఎక్కించు. కళ్ళు కనబడి చావట్లేదు."