చవక తూటాలు, సున్నం ముంతలు

నా చిన్నప్పుడు ఒక దసరా సెలవుల్లో మూడు రోజులు పాత దినపత్రికలకు పడ్డ చిల్లులు లెక్కపెట్టడంతోనే గడిచిపోయాయి. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. లెక్కల్లో గట్టిదాన్నని బడిలో టీచరు మెచ్చుకోవడమే నా కొంప ముంచింది. మా తాతయ్యకు లెక్క తప్పని మనిషి కావలసి వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళలో పారిపోలేనిదాన్ని నేనొక్కదాన్నే.

మా ఊరు బొంతపల్లి అవతల గుట్టల మొదట్లో ఉంటుంది. ఒక పక్క ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపిస్తాయి, ఇంకో పక్క నుంచి అడవిపందులు దిగి మక్కచేలు తొక్కి పోతాయి. ఆ పందుల బెడద వల్లే మా తాతయ్యకు లైసెన్సు తుపాకి ఉండేది. ఒంటి గొట్టం తుపాకి. మధ్యకు విరిచి, ఒక తూటా పెట్టి, మూసి కాల్చాలి. మళ్ళీ విరిచి ఖాళీ డొప్ప పారేసి ఇంకోటి పెట్టుకోవాలి. ఏడాదిలో ఒక్కరోజు మాత్రం దానికి పందులతో సంబంధం లేని పని పడేది. దసరానాడు పూజ అయ్యాక, జమ్మికి పోయే ముందు, చుట్టుపక్కల ఊళ్ళలో లైసెన్సు ఉన్నవాళ్ళంతా గుట్ట వెనక పాడుబడ్డ క్వారీలో చేరేవాళ్ళు. ఎత్తయిన మట్టికట్ట ముందు రెండు గుంజల మీదుగా తాడు వేసి, సున్నం పూసిన ముంతలు వేలాడదీసి, బండల చాటున తాడు కొసలు పట్టుకుని ఊపేవాళ్ళు. ఊగుతున్న ముంతను నలభై అంగల దూరం నుంచి కొట్టాలి. మనిషికి అయిదు ముంతలు. ఎక్కువ పగలగొట్టినవాళ్ళకు పండుగ మేక తలకాయ.

తలకాయంటే ఒక పూట కూర, అంతే. కానీ దాన్ని పళ్ళెంలో పెట్టుకుని డప్పు చప్పుడుతో ఊళ్ళోకి నడిచి రావడం వేరు. అప్పటికి వరసగా మూడేళ్ళు ఆ డప్పు మా వాకిట్లోనే ఆగింది. ఆ ఏడు మాత్రం మా తాతయ్య కంటికి పొర వచ్చింది. ఆయన బదులు మా చిన్నాయన కాలుస్తాడని తేల్చారు. చిన్నాయన పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోయేవాడు. తన షిఫ్టు దోస్తులందరినీ పండుగకు పిలిచేశాడు కూడా.

ఎప్పుడూ తెచ్చే తూటాలు ఆ ఏడు దొరకలేదు. చిన్నాయన పట్నమంతా తిరిగి, సగం ధరకే ఇచ్చారని ఒక పెట్టె పట్టుకొచ్చాడు. అందులో ఇరవై అయిదున్నాయి. వచ్చిన రోజే క్వారీకి పోయి రెండు కాల్చి, రెండు ముంతలూ పగలగొట్టి, నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు.

"సూసినవా నాయినా, ఏమన్న ఫరక్ ఉన్నదా?"

"రెండు పేలినయి. మిగిలిన ఇరవై మూడు సంగతేంది?" అన్నాడు తాతయ్య.

"మా ఫ్యాక్టరీల గిట్లనే సూస్తరు. శాంపిల్ తీస్తరు, అది పాసైతే డ్రమ్ము మొత్తం పాసే."

"గందుకే గద మీ గోలీలు ఎన్ని మింగినా నా మోకాళ్ళ నొప్పి పోతలేదు."

మర్నాడు నా కష్టాలు మొదలయ్యాయి. పేపర్లను మైదా గంజితో అతికించి దుప్పటంత చేయాలి. మధ్యలో పెద్ద తాంబాళం బోర్లించి పెన్సిలుతో గీత గీయాలి. దాన్ని మట్టికట్టకు మేకులతో కొట్టాక చిన్నాయన నలభై అంగల నుంచి ఒక్క తూటా కాలుస్తాడు. ఆ పేపరు ఊడదీసుకొచ్చి గీత లోపల ఎన్ని చిల్లులు పడ్డాయో నేను లెక్కపెట్టాలి. ఒక్కో తూటాలో ఛర్రాలు, అంటే మిరియాల్లాంటి సీసపు గుండ్లు, వందకు పైగానే ఉంటాయి. లెక్కపెట్టిన చిల్లు చుట్టూ సున్నా చుట్టాలి, లేకపోతే తాతయ్య ఒప్పుకోడు. నూట పద్దెనిమిది. నూట పన్నెండు. నూట ఇరవై. అవతల మా అత్త పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ నన్ను చూసి ఇకిలిస్తున్నారు. నేను ఏడుపు ఆపుకుంటూ సున్నాలు చుడుతున్నాను.

ఇలా మూడు రోజుల్లో పది తూటాలు, పది పేపర్లు అయ్యాయి. అయిదో పేపరులో గీత లోపల అరవై కూడా లేవు. నాకే లెక్క రాలేదని చిన్నాయన మళ్ళీ లెక్కపెట్టాడు, ఆయనకూ అంతే వచ్చింది. ఎనిమిదో పేపరులో చిల్లులు నూటికి పైగానే ఉన్నాయి గానీ, నడిమధ్యలో అరచేయంత జాగాలో ఒక్కటీ లేదు. అక్కడ ముంత ఉంటే సున్నం కూడా రాలేది కాదు. మిగతా ఎనిమిదీ మంచి తూటాలలాగే పడ్డాయి.

"పదిట్ల ఎనిమిది మంచియే. గా రెండు ఏవో పెట్టె మీద రాసి లేదు," అన్నాడు తాతయ్య.

"నాయినా, అన్నీ పరీక్షలకే పేలిస్తే పండుగనాడు దేంతోని కొట్టాలె? బెండకాయలతోనా?"

అక్కడితో పరీక్షలు ఆగాయి. కానీ తాతయ్య ఒక షరతు పెట్టాడు. ప్రతి తూటా పేలాక తుపాకి విరిచి, ఖాళీ డొప్ప తీసి, గొట్టంలోంచి ఆకాశం కనిపించేదాకా ఇంకోటి పెట్టకూడదు. చిన్నాయన సరే సరే అన్నాడు. ఆ సరే వినగానే నాకు కూడా తెలిసిపోయింది, అది తాతయ్య నోరు మూయించడానికి అన్నదని.

పండుగనాడు క్వారీ నిండా జనం. తాతయ్య వెనక ఒక బండమీద కూర్చున్నాడు, పక్కన నేను. మాకంటే ముందు పక్కూరి పటేలు కాల్చి నాలుగు ముంతలు పగలగొట్టాడు. తర్వాత చిన్నాయన నిలబడ్డాడు. మొదటిది పగిలింది. తుపాకి విరిచి గొట్టంలోకి చూశాడు. రెండోది పగిలింది, మళ్ళీ చూశాడు. మూడోదీ పగిలింది. షిఫ్టు దోస్తులు ఈలలు వేశారు. చిన్నాయన మళ్ళీ గొట్టం ఆకాశానికి ఎత్తేసరికి పక్కూరి పటేలు మా తాతయ్య వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"ఏంది పటేలా, నీ కొడుకు ముంత కొడ్తడా, ముహూర్తం సూస్తడా?"

జనం గొల్లుమన్నారు. చిన్నాయన చెవులు ఎర్రబడడం నాకు వెనకనుంచే కనిపించింది.

నాలుగో తూటా పేలలేదు, తుస్సుమంది. సైకిలు ట్యూబు గాలి పోయినట్టు. ముంత హాయిగా ఊగుతూనే ఉంది. జనం ఇంకా నవ్వారు. మూడు రోజులు ఆ చప్పుళ్ళు వింటూ కూర్చున్నదాన్ని, అది తప్పు చప్పుడని నాకు అర్థమైంది. చిన్నాయన తుపాకి విరిచి, డొప్ప లాగి పారేసి, అయిదోది పెట్టి టక్కున మూశాడు. ఈసారి గొట్టంలోకి చూడలేదు.

"ఆగురా!" అని తాతయ్య అరిచాడు.

"ఒక్కటే ఉన్నది నాయినా, ఇది తగిలితే బరాబర్!" అని వెనక్కి తిరగకుండానే జవాబిచ్చి, ముంత ఊపమని చేత్తో సైగ చేశాడు. తుపాకి భుజానికి ఆనించాడు.

తాతయ్య బండమీద లేచి నిలబడ్డాడు. తలపాగా లాగి గాల్లో ఊపుతూ, ఆ వయసులో ఆయనకు అంత గొంతు ఉందని నాకు తెలియదు, అరిచాడు.

"ఓడినం! మేం ఓడినం పటేలా! తలకాయ మీదే! కొట్టుండ్రిరా డప్పు!"

డప్పులవాళ్ళు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు, ఒక్కసారిగా అందుకున్నారు. తాడు పట్టుకున్నవాళ్ళు తాడు వదిలేశారు. ముంతలన్నీ నేలమీద పడ్డాయి. చిన్నాయన ముందు కాల్చడానికి ఏమీ మిగల్లేదు.

"పరువు తీసినవ్ నాయినా!" అంటూ వచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తాతయ్య తుపాకి తీసుకుని, మూతి నేలకు పెట్టి విరిచి, ఆ తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. గొట్టం ఆకాశానికి ఎత్తి కొడుకు కంటికి ఆనించాడు.

"ఏం కనబడ్తున్నది?"

చిన్నాయన కన్ను నులుముకుని మళ్ళీ చూశాడు. తర్వాత పక్కూరి పటేలు కూడా వచ్చి చూశాడు. లోపల చీకటి. తాతయ్య ఇనుప చువ్వ దూర్చి నెట్టితే ముందు గుప్పెడు ఛర్రాలు, వాటి వెనక, తూటాలో మందుకూ ఛర్రాలకూ మధ్య అడ్డంగా పెట్టే ఉన్నిబిళ్ళ నల్లగా కాలి తువ్వాలలో పడ్డాయి. నాలుగో తూటాలో మందు సరిగా అంటుకోక, లోపలి సరుకంతా గొట్టం మధ్యలోనే చిక్కుకుపోయింది. దాని వెనక అయిదోది పేలి ఉంటే గొట్టం చీలేది. గొట్టం పక్కనే మా చిన్నాయన ఎడమచెయ్యి ఉంది, ఆ పైనే మొహం ఉంది. పక్కూరి పటేలు తలకాయ పళ్ళెం తెచ్చి తాతయ్య ముందు పెట్టాడు. తాతయ్య ముట్టలేదు, "ఓడినమన్నంక ఓడినట్టే," అన్నాడు.

తిరిగి వస్తుంటే నేను దారంతా ఏడ్చాను. మూడు రోజులు కళ్ళు కాయలు కాసేలా చిల్లులు లెక్కపెట్టి, చివరికి చేతులారా ఓడిపోవడమేమిటి? ఇంకోసారి ఆగమని గట్టిగా చెబితే సరిపోయేది కదా అని తాతయ్యను నిలదీశాను.

"ఆగుమంటె ఆగిండా బిడ్డా? వాడు గెల్వాలని నిలవడ్డడు. గెల్సుడే లేదంటె ఇగ ఎందుకు కాలుస్తడు?" అన్నాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక చిన్నాయన అన్న మాటే ఇప్పటికీ నాకు మింగుడుపడదు. "ఒక్కటే గద నాయినా కరాబైంది. మిగిలినయన్నీ మంచిగనే పేలినయి." తాతయ్య నుదురు కొట్టుకున్నాడు. మిగిలిన తూటాలు పెట్టెతో సహా మర్నాడే ఠాణాలో అప్పజెప్పి వచ్చాడు.

చిన్నాయన అన్నలాంటి మాటే నేనిప్పుడు రోజూ వింటున్నాను. మేమిప్పుడు పటేల్‌గూడలో ఉంటున్నాం. నా కొడుకు ఎల్‌కేజీకి ఆటోలో వెళ్తాడు, వాడితో పాటు ఇంకో అయిదుగురు. బ్రేకులు సరిగా ఉన్నాయా అని ఆటో అతన్ని అడిగితే, "రెండోసారి తొక్కితే పడ్తయి మేడం, ఇన్నిరోజులు పడలేదా?" అంటాడు. మెల్లగా వెళ్ళమని బతిమాలాను, కోప్పడ్డాను. తల ఊపుతాడు, బడి గేటు మూసేస్తారని మెయిన్ రోడ్డు మీద లారీల మధ్యనుంచి దూరుస్తాడు. అన్ని ఆటోలకూ అవే బ్రేకులు, నీ ఒక్కదానికే భయం అంటారు మా ఇంట్లోవాళ్ళు.

మొన్న పొద్దున అప్పటికే ఆలస్యమైంది. హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నేను ఈసారి మెల్లగా వెళ్ళమని చెప్పలేదు. ఆటోలో ఉన్న అయిదుగురినీ ఒక్కొక్కరినే దింపి మా వాకిట్లో నిలబెట్టాను. వాళ్ళ అమ్మలకు ఫోన్ చేశాను, తర్వాత బడికి చేసి ఈ ఆరుగురూ ఇవాళ రారని చెప్పాను. ఇద్దరు అమ్మలు గట్టిగానే తిట్టారు. మా ఆయన తల పట్టుకున్నాడు. ఆటో అతను కాసేపు నన్ను, ఖాళీ సీటును చూసి, "పిల్లలే లేకుంటె నాకేం తొందర మేడం, మెకానిక్ దగ్గరికి పోత," అని ఇంజన్ ఆపి, కిందికి దిగి బండి నెట్టుకుంటూ పోయాడు.

ఆ ఇంజన్ చప్పుడు ఆగాక గానీ నేను నా కొడుకు చెయ్యి వదల్లేదు.