జాబితాలో నా పేరొక్కటే

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒకప్పుడు నేను నలుగురికీ కనపడకుండా బతికాను. పోలీసులకు భయపడి కాదు, పసుపు ప్యాకెట్లు కట్టే ఆడవాళ్లకు భయపడి! ఊళ్లో బస్సు దిగాల్సినవాణ్ణి ఒక స్టేజీ ముందే దిగి, చేన్లకు అడ్డంపడి ఇంటికి నడిచేవాణ్ణి, ఎవరైనా తలుపు తడితే బాత్‌రూములో దూరి నల్లా విప్పేవాణ్ణి. నవ్వండి, ఫరవాలేదు, ఇప్పుడు నాకూ నవ్వొస్తోంది. ఆ రోజుల్లో మాత్రం ఆరాధనలో పాట పాడుదామంటే నోరు పెగిలేది కాదు.

నా పేరు సామ్యేలు, మాది ముడిమ్యాల. మసాలా పొడులు చేసే ఒక కంపెనీలో పద్దెనిమిదేళ్లు టైమ్‌కీపరుగా పనిచేశాను. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, హాజరు పుస్తకంలో రాయడమే నా పని. ప్యాకింగులో నలభై ఒక్క మంది ఆడవాళ్లు ఉండేవాళ్లు. మిరపపొడి పట్టే రోజున వాళ్లు తుమ్ముతూ లోపలికి పోయేవాళ్లు, నేను తుమ్ముకుంటూనే హాజరు వేసేవాణ్ణి. వాళ్లందరికీ పెద్దదిక్కు యాదమ్మక్క. ఆమె అరిస్తే యంత్రం కూడా ఆగుతుందని మేనేజరే అనేవాడు.

అలాంటి కంపెనీ మునిగింది. ముందు జీతాలు ఆగాయి, తరువాత కరెంటు ఆగింది, ఒక సోమవారం వెళ్లేసరికి గేటుకు తాళం ఉంది. మన పెద్దల కాలంలో షావుకారు ఐపీ పెట్టాడంటే ఇక అందరి నోట్లో మట్టే. ఇప్పుడు దివాలాకు కొత్త చట్టం ఉంది, కంపెనీలకు వేరే కోర్టు ఉంది. మా కంపెనీని నడపడానికి ఎవరూ ముందుకు రాకపోయేసరికి ఆ కోర్టు దాన్ని అమ్మేయమని చెప్పి ఒక అధికారిని పెట్టింది. కంపెనీ ఎవరెవరికి బాకీ ఉందో వాళ్లంతా గడువులోగా ఫారం పంపుకోవాలి, అమ్మిన డబ్బులో వాళ్లకు వంతు వస్తుంది. ఆ అధికారి నన్ను పిలిచి, “సామ్యేలు గారూ, హాజరు పుస్తకాలు మీ చేతిలో ఉన్నవే కదా, ప్యాకింగు వాళ్ల ఫారాలు మీరే నింపించి పంపండి” అన్నాడు.

ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో! రెండు రోజులు మా వాకిలి పెళ్లిల్లులా ఉంది. ఆధార్ జిరాక్సులు తెచ్చారు, వేలిముద్రలు వేశారు, కొరియరు ఖర్చుకని మనిషికి వంద రూపాయలు ఇచ్చారు. నా ఫారం తేలిక, ఆ సాయంత్రమే పంపేశాను. వాళ్లవే చిక్కు. హాజరులో యాదమ్మ అని ఉంటే ఆధార్‌లో యాదగిరమ్మ అని ఉంటుంది, ఒకచోట తండ్రి పేరు, ఇంకోచోట భర్త పేరు. రేపు సరిచేద్దాం, ఎల్లుండి సరిచేద్దాం అనుకుంటూ కూర్చున్నాను. ఇంతలో ఇంట్లో గ్యాసు అయిపోయింది, వాళ్ల డబ్బులో నుంచి తీసి సిలిండరు తెచ్చాను. తరువాత కిరాణా. ఒక రోజు క్యాలెండరు చూస్తే గడువు దాటిపోయి ఉంది!

ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది. రోడ్డు మీద యాదమ్మక్క ఎదురై, “పంపినవా తమ్మీ?” అని అడిగితే, “పంపిన అక్కా, ఎప్పుడో పంపిన” అన్నాను. సహోదరులారా, అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది, దాన్ని మోయడానికి ఏడు నెలలు పట్టింది!

కొన్నాళ్లకు ఆ అధికారి బాకీ రావాల్సినవాళ్ల జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టాడని తెలిసి ఫోనులో తెరిచాను. పనివాళ్ల పేజీలో ఒక్కటే పేరు ఉంది, నా పేరు. దాని కిందంతా ఖాళీ తెలుపు. ఆ ఖాళీని చూసి భయపడినంతగా నేను పామును చూసి కూడా భయపడలేదు. అప్పటినుంచి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. దవాఖానకు పోతే డాక్టరమ్మ అన్నీ చూసి, “నీకేం రోగం లేదు, ఏం ఫికర్ పెట్టుకున్నవో అది తీసెయ్యి” అంది. అది తీయడానికి ఆమె దగ్గర మందు లేదు కదా!

క్రిస్మసుకు ఇల్లు దులుపుతుంటే బియ్యం డ్రమ్ము వెనక ఆ ఫారాల కట్ట నా భార్య సుగుణ చేతికి దొరికింది. ఆమె అరవలేదు. ఒక్కొక్క వేలిముద్ర చూసుకుంటూ కట్టంతా తిరగేసింది.

“ఇన్ని దినాలు నువ్వు ఇంట్ల లేవని యాదమ్మక్కకు నాతోని అబద్ధం చెప్పిచ్చినవ్. ఇగ నేను చెప్పనయ్యా. ఆమె వస్తే నువ్వే పోయి తలుపు తియ్యి,” అని కట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

మర్నాడు తెల్లవారుతుండగా మోకాళ్లూని చేసిన ప్రార్థన నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “ప్రభువా, ఈ కాగితాలను ఎట్లన్న మాయం చెయ్యమని ఇన్నాళ్లు నిన్ను అడిగిన. ఇగ అట్ల అడగ. నన్ను లేపి వాళ్ల ముందట నిలబెట్టు. నోరు తెరిచేదాక నా చెయ్యి ఇడువకు.” లేచి ఆ కట్ట తీసుకున్నాను. భయం పోలేదు, కానీ కాళ్లు కదిలాయి! దేవునికే మహిమ!

కంపెనీ మూతపడ్డాక వాళ్లలో సగం మంది ఒక సేటు తోటలో క్యారెట్లు కడిగే కూలికి పోతున్నారు. బోరు దగ్గర సిమెంటు తొట్టి చుట్టూ కూర్చుని ఉన్నారు. నేను కట్ట చేతపట్టుకుని నిలబడి, “మీ ఫారాలు పంపలే అక్కా. నాదొక్కటే పంపుకున్న. మీ పైసలు ఇంట్లకు వాడుకున్న. గడువు అయిపోయింది” అన్నాను.

ఒక క్యారెట్టు ఎగిరి వచ్చి నా భుజానికి తగిలింది. ఇంకొకటి వచ్చి చెవికి తగిలింది. మూడోది లేచేలోగా యాదమ్మక్క అరిచింది.

“ఆగుండ్రే! అవి సేటు క్యారెట్లు, మన కూలిల కోస్తడు!”

ఎవరో ఫక్కున నవ్వారు, ఎవరో ఏడ్చారు, నేను మాత్రం రెండూ చేశాను. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది.

“పద్దెనిమిదేండ్లల్ల నాకు ఒక్క పూట తక్కువ రాయలే నువ్వు. గిప్పుడెందుకు గిట్ల జేసినవ్ తమ్మీ?”

“సిగ్గయ్యింది అక్కా. ఒక్కదినం ఆలస్యమైంది, చెప్పనీకి సిగ్గయ్యింది. ఇగ అది పెరిగింది.”

“ఏడ్వకు. నువ్వు ఏడిస్తే మాకు పైసలొస్తయా? కాగితాలైతే ఉన్నయి గద. నడువు, వకీలు తాన పోదాం.”

చేవెళ్లలో ఒక చిన్న వకీలమ్మ ఉంది, ఆమె ఆఫీసులో నాలుగే కుర్చీలు. మేము ఇరవై మందిమి లోపలికి పోయాం. ఆమె ఓపికగా అన్నీ చదివి, మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది.

“మీకు రావాల్సినయి రెండు తీర్లున్నయి. ఆగిపోయిన జీతం ఒకటి. అది కంపెనీని అమ్మినంక బ్యాంకుతోని కలిసి పంచుకునేది. దానికి ఆలస్యం మాఫీ చెయ్యమని కోర్టును అడగాలె, వాళ్ల దయ. పీఎఫ్, గ్రాట్యుటీ వేరే ముచ్చట. మీరు ఏండ్ల కొద్ది చేసిన పనికి అవి మీ సొంతం, కంపెనీ ఆస్తి కాదు. వాటిని పంపకంల కలపొద్దు, పక్కకు తీసి పూర్తిగ ఇయ్యాలె అని ఢిల్లీల పెద్ద కోర్టు తీర్పు చెప్పింది.”

“అంటే బ్యాంకు ముట్టద్దా?” అంది యాదమ్మక్క.

“ముట్టద్దు. కాకపోతే ఎవరు ఎన్నేండ్లు చేసిన్రో రుజువు కావాలె. సామ్యేలన్నా, హాజరు పుస్తకాలు నీ రాతనే గద? నీ తప్పు కూడ నువ్వే రాసి ప్రమాణపత్రం ఇయ్యాలె. కోర్టు నిన్ను ఏమంటదో నేను చెప్పలేను.”

ప్రార్థన చేసుకుని సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టిన రాత్రి హాయిగా నిద్రపోయాను, సుగుణ నా గురక గురించి ఫిర్యాదు చేసింది!

విచారణ రోజు అందరం ఒకే బస్సులో సిటీకి పోయాం. బ్యాంకు తరఫు వకీలు గడువు దాటిందన్నాడు, గ్రాట్యుటీకి కంపెనీ వేరే నిధి పెట్టనేలేదు కాబట్టి ఇచ్చేదేమీ లేదన్నాడు. మా వకీలమ్మ లేచి, నిధి పెట్టకపోవడం కంపెనీ తప్పు, ఆ శిక్ష కూలివాళ్లకు వేయకూడదని పాత తీర్పులు ఒకటొకటి చదివింది. అప్పుడు న్యాయమూర్తి నన్ను నిలబెట్టి, “ఇది మీరు రాసిందేనా? ఎవరైనా బలవంతం చేశారా?” అని తెలుగులోనే అడిగారు.

“లేదు సార్. వాళ్లు టైముకే ఇచ్చిన్రు. ఆలస్యం చేసింది నేను.”

ఆ ఒక్క మాట చెప్పడానికే దేవుడు నన్ను అన్నాళ్లు కాచాడేమో అనిపించింది. కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. అధికారి ఎవరికి ఇమ్మన్నాడో అతనికే వాళ్లు సమయానికి కాగితాలు ఇచ్చారు, తరువాతి ఆలస్యానికి వాళ్లను నష్టపరచకూడదు, ఫారాలు తీసుకోండి, పీఎఫ్, గ్రాట్యుటీ పక్కకు తీసి పూర్తిగా చెల్లించండి అని! నాకు కూడా నాలుగు చివాట్లు రాశారు. వకీలమ్మ అవి చదివి వినిపిస్తుంటే నేను ఆమెన్ అన్నాను!

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, జీతం బాకీ పూర్తిగా రాలేదు. యంత్రాలు తక్కువకు పోయాయి, కొంత వంతే వచ్చింది. కానీ పీఎఫ్, గ్రాట్యుటీ నలభై ఒక్క మందికీ పడ్డాయి, ఒక్క పేరు కూడా తప్పిపోలేదు. ఒకామె కుట్టుమిషను కొంది, ఒకామె బిడ్డ కాలేజీ ఫీజు కట్టింది, యాదమ్మక్క పళ్లు కట్టించుకుంది. నేనిప్పుడు మొయినాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలులో సూపర్‌వైజరుగా ఉన్నాను. మొదటి జీతంలో ఎవరి వంద వాళ్లకు తిరిగి ఇచ్చాను. యాదమ్మక్క ఆ నోటును వెలుతురుకు పట్టి చూసి మరీ జాకెట్లో పెట్టుకుంది!

ఈ రోజు ఆమె ఇక్కడే ఉంది, వెనక వరుసలో, ఆ ఆకుపచ్చ చీర. ఆమెది మన సంఘం కాదు. నేను సాక్ష్యం చెబుతానంటే, “సక్కగ చెప్తవో, మల్ల దాస్తవో చూస్త” అని వచ్చింది. అక్కా, అంతా చెప్పానా? చూడండి, తల ఊపుతోంది! స్తోత్రం!

సహోదరులారా, దేవుడు నా తప్పును మాయం చేయలేదు. నేను పారిపోతున్న చోటికే నన్ను నడిపించాడు. అక్కడ శిక్ష ఉంటుందని వెళ్లాను, మనుషులు ఉన్నారు. మీలో ఎవరి ఇంట్లోనైనా చెప్పలేని మాట ఒకటి ఉంటే, ఈ ఆరాధన ముగిసేదాకా కూడా ఆగకండి. ప్రభువును నమ్మి లేచి వెళ్లండి. నేను ఒక్కణ్ణే వెళ్లి ఇరవై మందితో తిరిగి వచ్చాను. ఆయనకే మహిమ కలుగును గాక!