గ్యాస్ డాక్టరమ్మ

ఆ భవనంలో అందరూ ఆమెను గ్యాస్ డాక్టరమ్మ అనేవాళ్లు. తప్పు ఆమెదే. కొత్తగా అద్దెకు దిగినప్పుడు ఏం చేస్తుంటావని కింది వాటా పిన్నిగారు అడిగితే, "ఎక్స్‌రేలతో గ్యాస్ మీద పరిశోధనండీ, డాక్టరేట్ కూడా అందులోనే" అంది. మర్నాడు పొద్దున్నే పిన్నిగారు పొట్ట పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"నాలుగు ముద్దలు తింటే చాలమ్మా, ఇదుగో, ఇక్కడ పట్టేస్తోంది."

"అయ్యో, అది కాదు పిన్నిగారూ! నేను చూసేది ఆకాశంలో కృష్ణబిలాల దగ్గరుండే గ్యాస్."

"ఎవరిదైతేనేం తల్లీ, గ్యాస్ గ్యాసే. వాటికేం ఇస్తావో నాకూ అదే ఇవ్వు."

పిన్నిగారి మాట మరీ కొట్టిపారేయదగ్గదీ కాదు. కోట్ల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం చుట్టూ ఉన్నదంతా లాక్కుంటుంది గానీ, నోటిదాకా వచ్చిందంతా మింగలేదు. కొంత గ్యాస్ కాగిపోయి సుడిగాలిలా బయటికి తన్నుకొస్తుంది. వెనకనుంచి వచ్చే ఎక్స్‌రే కాంతిలో కొంత దోచుకుంటుంది. ఆ కాంతిని గ్రాఫు గీస్తే అక్కడ గుంట పడుతుంది. గుంట ఎక్కడ పడిందో చూసి గాలి వేగం చెప్పొచ్చు.

మూడేళ్లు దరఖాస్తులు పెట్టగా పెట్టగా అంతరిక్షంలోని టెలిస్కోపు ఆమెకు ఒకటిన్నర రోజు దక్కింది. గుంట పడింది. లెక్క కడితే కాంతి వేగంలో ఏడో వంతు! ఆమె కాలు నేల మీద నిలవలేదు. శుక్రవారం ప్రసంగమని ఆఫీసంతా చాటింపు వేసి, ఇంటికొచ్చి ఆ గ్రాఫు నాన్నకు చూపించింది.

నాన్న ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరైన మనిషి. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"రెండో ఫిల్మ్ ఏదీ?"

"ఇంత స్పష్టంగా ఉంటే ఇంకోటెందుకు నాన్నా?"

"స్పష్టంగా ఉన్నవే కొంప ముంచుతాయమ్మా. ఒకసారి ఒకాయన ఊపిరితిత్తి మీద గుండ్రంగా మచ్చ కనిపించింది. ఇంటిల్లిపాదీ ఏడుపు. తీరా చూస్తే చొక్కా జేబు గుండీ! ముందు జేబులు తడమాలి."

"కృష్ణబిలానికి జేబులుండవు."

"మరి నీ కెమెరాకి?"

ఆమె నవ్వేసింది గానీ, ఆ మాట చెవిలో జోరీగలా రొద పెట్టింది. గురువారం అదే టెలిస్కోపులోని రెండో కెమెరా కొలతలు తెరిచింది. గుంట లేదు. మళ్లీ చూసింది. లేదు గాక లేదు. మొదటి కెమెరా వెనక సర్క్యూట్ పలకలో రాగి ఉంది. అంతరిక్షంలోని కణాలు తగిలితే అది కూడా ఎక్స్‌రేల్లో కాస్త మెరుస్తుంది. ఆ మెరుపును లెక్కలోంచి తీసేసేటప్పుడు ఆమె చెయ్యి కొంచెం ఎక్కువ పడింది. గుంట తవ్వింది తనే, అందులో పడిందీ తనే.

బల్ల మీద తల వాల్చి కాసేపు ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, ప్రసంగం లేదని చెప్పడానికి లేవబోతూ ఆఖరిసారి రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టింది. పెద్దదాని మురిపెంలో పడి తను పట్టించుకోని చిన్న గుంట ఒకటి, పీలగా, బిడియంగా, రెండింట్లోనూ ఒకే చోట ఉంది. కాంతి వేగంలో ఇరవయ్యో వంతు.

శుక్రవారం ఆమె ముందు రాగి సంగతే చెప్పింది. హాలంతా విరగబడి నవ్వింది. తరవాత చిన్న గుంట చూపించింది. ముందు వరుసలో ఎప్పుడూ కునికిపాట్లు పడే పెద్ద ప్రొఫెసరు లేచి నిలబడి, "ఆ రెండోది మళ్లీ చూపించమ్మా" అన్నాడు.

వ్యాసం అచ్చయింది. చివర్లో నాన్నకు కృతజ్ఞతలు రాసింది. ఆయన చదివి మొహం చిట్లించాడు.

"ఒట్టి నాన్న అనేశావేంటే? సీనియర్ టెక్నీషియన్ అని ఉండొద్దూ?"