పిలిస్తేనే లోపలికి

ఏడు నెలల పాటు బెల్జియం దేశాన్ని నేను రక్తంలో ముంచాను. ఆ దేశాన్ని నేను ఇప్పటికీ చూడలేదు. ముంచింది సింగపూర్‌లో, బూన్ లేలో మా తమ్ముడు ఇద్దరు స్నేహితులతో కలిసి అద్దెకున్న ఫ్లాట్‌లో, నేల మీద చాప పరుచుకుని, ఆదివారం మధ్యాహ్నాలు.

డాట్‌కామ్ అన్న మాట పలికితే చాలు, పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజులవి. మా ఆయన ఒక కంపెనీలో టీమ్ లీడ్. నేను ఇంకో కంపెనీలో టెస్టర్‌ని. తమ్ముణ్ణి ఒంగోలు నుంచి నేనే పోరి పోరి రప్పించాను. వాడొక కన్సల్టెన్సీ తరఫున వచ్చాడు. నాకు మొదటి నుంచీ కోపం ఎక్కువ. టెస్టర్ పని అంటే ఊళ్ళో వాళ్ళు చేసిన తప్పులు వెతికి, వాటిని మర్యాదగా రాసి, చివరికి వాళ్ళ చేతే మాటలు పడటం. వారమంతా మింగిన కోపాన్ని ఆదివారం బెల్జియంలో కక్కేదాన్ని.

మా ఆయన పని మీద మూడు వారాలు బ్రస్సెల్స్ వెళ్ళినప్పుడు హోటల్లో ఊరికే ఇచ్చిన దేశపటం ఒకటి తెచ్చాడు. దాని మీద మేం కల్పించుకున్న ఆట అది. ఆ దేశాన్ని పైకి ఏలేది మంత్రులు, వాళ్ళ మెడల్లో పళ్ళు దింపి వెనక నుంచి ఏలేది రక్తపిశాచులు. అందులో రెండు వర్గాలు. ఉత్తరం వాళ్ళది ఓడరేవులు, వజ్రాల అంగళ్ళు ఉన్న వైపు. ఇక దాక్కోవడం దేనికి, బాహాటంగా ఏలుదాం అంటారు. దక్షిణం వాళ్ళది మూతబడ్డ బొగ్గుగనుల వైపు. బయటపడితే మనుషులు మనల్ని తగలబెడతారు, చీకట్లోనే ఉందాం అంటారు. బ్రస్సెల్స్ ఎవరికి చిక్కితే దేశం వాళ్ళది. ఉత్తరానికి మా ఆయన నాయకుడు, ఆయన వెనక ఆఫీసు మిత్రులిద్దరు. దక్షిణానికి మా తమ్ముడు, వాడి వెనక రూమ్మేట్లిద్దరు. నేను తీర్పరిని. పాచికలు పడ్డాక ఏం జరిగిందో చెప్పేది నేనే, నా మాటే చివరి మాట.

ఏ వర్గం ఊరు గెలిస్తే ఆ వర్గం పటం మీద ఆ ఊళ్ళో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టేది. ఇక్కడ ఫుడ్ సెంటర్‌లో ఈ సీటు మాదని కుర్చీ మీద ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకుంటాం కదా, అలాగన్న మాట. పచ్చ ప్యాకెట్లు ఉత్తరానివి, నీలం ప్యాకెట్లు దక్షిణానివి.

రక్తం చెప్పడంలో నేను దిట్టని. యాంట్వర్ప్ రేవులో మాంసం దాచే చల్లటి గిడ్డంగిలో దక్షిణం వాళ్ళు కాపు కాసి, ఉత్తరం వాళ్ళని ముగ్గుర్ని ఆవు తొడల పక్కనే కొక్కేలకి వేలాడదీశారు. ఒకడు ఇంకా గిలగిల్లాడుతుంటే వాడి గొంతు కింద బకెట్ పెట్టారు. దానికి బదులుగా ఉత్తరం వాళ్ళు ఒక ముసలి పిశాచిని పట్టుకుని, ట్రామ్ పట్టాలకి కట్టేసి, మొదటి ట్రామ్ తల తెంపుతుందా, తూర్పున వచ్చే ఎండ ఒళ్ళు కాలుస్తుందా అని పందెం కాశారు. పార్లమెంటు లిఫ్టులో ఒక మంత్రి మెడ కొరికితే, ఏడో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి లిఫ్టు నేలంతా జారుడు. ఇవన్నీ నేను ప్రాటా తుంచి కూరలో ముంచుకుంటూ చెప్పేదాన్ని. ఒకసారి మా ఆయన మిత్రుడొకడు తినలేక ప్లేటు పక్కన పెట్టేస్తే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

నియమాల్లో అన్నిటికన్నా గట్టిది ఒకటుంది. ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు నోరు తెరిచి లోపలికి రమ్మంటే తప్ప పిశాచి ఎవరి గడపా దాటలేదు. అది నేనే రాశాను. తమ్ముడు లీజ్ అనే ఊళ్ళో ఒక పాత ఇల్లు సంపాదించి, తన వర్గంలోని పన్నెండు మందినీ పగటి పూట అందులో నిద్రపుచ్చేవాడు. పిలిచే దిక్కు లేదు కాబట్టి ఆ ఇంటికి భయం లేదు.

ఇంతలో డాట్‌కామ్ గాలి దిగిపోయింది. తమ్ముణ్ణి కన్సల్టెన్సీ వాళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టారు. అంటే పని లేదు, దొరికేదాకా ఎదురుచూడమని. నెల గడిచింది, నెలన్నర గడిచింది. ఇంకో మూడు వారాల్లో పని దొరక్కపోతే ఉద్యోగపు పాస్ రద్దయి దేశం విడిచి వెళ్ళాలి. వాడు గడ్డం గీసుకోవడం మానేశాడు. ఆదివారం మాత్రం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పటం ముందు కూర్చునేవాడు. ఏడు నెలల్లో ఏడు ఊళ్ళ మీద నీలం ప్యాకెట్లు పెట్టాడు, ఏడోది బ్రస్సెల్స్. ఇంకొక్క ఆదివారం, సాయంత్రం దాకా లీజ్ ఇల్లు నిలబెట్టుకుంటే బ్రస్సెల్స్ ఇక వాడిదే. ఆ వారం మొత్తంలో వాడి చేతిలో ఉన్నది అదొక్కటే. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ మధ్యాహ్నం మా ఆయన చాప మీద నుంచి లేచాడు.

"నా మనిషి ఒక్కడే లీజ్ వెళ్తన్నాడు. వాన పడతంది, ఎండ లేదు. ఆ ఇంటి తలుపు కొడతాడు," అన్నాడు.

అని నిజంగానే ఫ్లాట్ బయటికి వెళ్ళి, ఇనుప గ్రిల్లూ చెక్క తలుపూ వేసుకుని, బయట నుంచి తట్టాడు. మేమందరం నవ్వాం. అప్పుడప్పుడూ అలా నటించేవాళ్ళం. తమ్ముడు కూడా నవ్వుతూ లేచి తలుపు తీశాడు. గ్రిల్ అవతల వాళ్ళ బావ వానలో తడిసినవాడిలా చేతులు ముడుచుకుని నిలబడి ఉన్నాడు.

"రా బావా, లోపలికి రా. తిన్నావా?" అన్నాడు తమ్ముడు, గ్రిల్ గొళ్ళెం తీస్తూ.

అక్క మొగుడు గుమ్మంలో నిలబడితే మా ఇళ్ళల్లో పుట్టినవాడి నోట్లోంచి ఇంకో మాట రాదు. ఆలోచించి అనేది కాదది. మా ఆయన పాచికల్ని నమ్ముకోలేదు, వాడి పెంపకాన్ని నమ్ముకున్నాడు. గడప దాటి లోపలికి వచ్చి, "పిలిచాడు. అందరూ విన్నారుగా?" అన్నాడు.

తమ్ముడి మొహంలో రక్తం ఇంకిపోయింది. "అది మర్యాదకన్నా బావా. అది పిలుపెట్టా అయిద్ది?" అని, నా వైపు తిరిగి, "అక్కా, నువ్వు చెప్పు. గేమ్‌లో అన్లేదు నేను," అన్నాడు.

అందరూ నన్ను చూశారు. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ ఎత్తు నాకు తెగ నచ్చింది. ఇంత అందంగా వచ్చిన చావుని వదులుకోబుద్ధి కాలేదు. "ఇంటివాళ్ళలో ఎవరు పిలిచినా పిలుపే. ఎందుకు పిలిచారన్నది నియమంలో లేదు," అన్నాను.

అంతటితో ఆపలేదు. ఆ ఒక్కడి వెనకే ఉత్తరం వాళ్ళందర్నీ లోపలికి పంపి, పన్నెండు మందినీ ఒక్కొక్కరినే చంపాను. మొదటి గదిలో నిద్రపోతున్నవాడి ఛాతీలో కుర్చీ కాలు విరిచి దింపారు. అది పక్కటెముకల మధ్య ఇరుక్కుంటే కాలితో తొక్కారు. వాన వెలిశాక రెండో గదిలో కిటికీ చెక్కలకి తాడు కట్టి, చాటు నుంచి ఊడలాగి ఎండ పోశారు. ఒళ్ళు పొంగి, పేలి, గోడకి అంటుకుంది. మెట్ల మీద పారిపోతున్న ఆడపిశాచిని జుట్టు పట్టి లాగితే జుట్టు చేతిలోకి వచ్చింది, ఆవిడ కిందికి దొర్లింది. "చాలక్కా," అన్నాడు తమ్ముడు ఆరో చావు దగ్గర. నేను పన్నెండూ పూర్తి చేశాను. మా ఆయన వంగి, బ్రస్సెల్స్ మీద నీలం ప్యాకెట్ తీసి పచ్చది పెట్టాడు.

తీసిన ప్యాకెట్‌ని తమ్ముడి ఒళ్ళోకి విసిరి, "ఆఫీసులో సీటు లేదు, బ్రస్సెల్స్‌లో సీటు లేదు. ఇది దగ్గర పెట్టుకో బామ్మర్దీ, ఎక్కడన్నా చోప్ చేసుకుందువుగాని," అన్నాడు.

బావ బామ్మర్దిని ఏడిపించడం మాకు తిండితో సమానం, పెళ్ళి పీటల మీద మొదలై చచ్చేదాకా సాగుతుంది. కానీ ఆ మాటకి మిగతావాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వింది నేను. పగలబడి నవ్వాను.

తమ్ముడు చాప మీద నుంచి లేవడం నేను చూడలేదు. వాడి తల మా ఆయన గడ్డం కింద తగిలిన చప్పుడు విన్నాను. పళ్ళు పళ్ళు కొట్టుకున్న చప్పుడు. ఆయన వెల్లకిలా పటం మీద పడితే వీడు ఛాతీ మీద కూర్చుని మొహం మీద గుద్దాడు, ఎముక మీద ఎముక. ఆయన కింద నుంచి వాడి చెవి పట్టి మెలిపెట్టి, పక్కకి దొర్లించి, మోకాలు కడుపులో పెట్టాడు. రూమ్మేట్లు ఒకణ్ణి లాగబోతే రెండోవాడి మోచెయ్యి తగిలి వాళ్ళలో ఒకడి పెదవి చిట్లింది. తమ్ముడు కక్కుకున్నాడు. కక్కుతూనే లేచి, బావని చొక్కా పట్టి గుమ్మం దాకా ఈడ్చి, "పో నా ఇంట్లోంచి! పోరా!" అని బయటికి నెట్టాడు. బావని వాడు అంతకుముందు ఎప్పుడూ ఒరేయ్ అనలేదు.

ఆయన పడిపోకుండా గ్రిల్ చట్రం పట్టుకున్నాడు. తమ్ముడు ఇనుప గ్రిల్‌ని తన బలమంతా పెట్టి లాగాడు. వేళ్ళు మధ్యలో పడ్డాయి. ఆయన అరిచిన అరుపుకి గ్రిల్ కాస్త తెరుచుకుంది. తమ్ముడు కిందికి చూశాడు. వేళ్ళు చూశాడు. మళ్ళీ లాగాడు.

మొదటిసారి చూడక వేశాడని అందరూ అన్నారు. రెండోసారి చూసే వేశాడన్నది నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే నేను వాడి కళ్ళనే చూస్తున్నాను.

ఏడు నెలలు బకెట్లతో రక్తం పోసినదాన్ని, ఆ కాస్త రక్తం చూసి గోడ పట్టుకుని కూలబడ్డాను. ఉంగరపు వేలు నలిగి పక్కకి తిరిగిపోయింది. మధ్య వేలి కొస తోలు మీద వేలాడుతోంది. నా నోటికి ఒక్క వర్ణన రాలేదు. పక్క ఫ్లాట్ ఆంటీ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ తాతలు ఎప్పుడో విశాఖ తీరం నుంచి మలేషియా తోటల్లోకి వచ్చినవాళ్ళు, ఆవిడ అక్కడే పుట్టింది, తెలుగులో తమిళం ముక్కలూ, మాట చివర ఇక్కడివాళ్ళలాగా 'లా' కలుపుతుంది.

"ఏం సత్తమమ్మా ఇది! బ్లాక్ మొత్తం వినిపిస్తాంది. ఎవరన్నా పోలీస్‌కి ఫోన్ చేస్తే ఎలా లా?" అంటూనే తన తువాలా ఆయన చేతికి చుట్టి, "చెయ్యి పైకి పట్టు తంబీ, దించొద్దు," అంది. తర్వాత నా వైపు చూసి, "నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదమ్మా, ఆపలేకపోయావా?" అంది.

ఆసుపత్రిలో డాక్టర్ అడిగితే మా ఆయన, గాలికి తలుపు పడిందన్నాడు. నిజం చెబితే తమ్ముణ్ణి పోలీసులు తీసుకెళ్ళేవాళ్ళు. ఆ ఒక్క అబద్ధానికి నేను ఆయనకి జన్మంతా రుణపడి ఉన్నాను. కానీ ఇంటికి వచ్చాక కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "వాడు మాత్రం ఈ గడప తొక్కకూడదు," అన్నాడు. వేళ్ళు అతికాయి, వంకరగా. ఆ రెండింటితో ఆయన మళ్ళీ టైప్ చెయ్యలేదు.

తమ్ముడి పాస్ ఇంకో వారంలో తీరిపోతుందనగా వాడు మా ఇంటికి వచ్చాడు. పగలు పదకొండింటికి. మా ఆయన సోఫాలోనే కూర్చుని ఉన్నాడు, లేవలేదు. చెక్క తలుపు తెరిచే ఉంది, గ్రిల్ వేసి ఉంది. వాడు గ్రిల్ అవతల నిలబడ్డాడు. నేను వంటింట్లో నిలబడి వాడి చెప్పులు చూస్తూ ఉన్నాను. పప్పు మాడిన వాసన వచ్చింది. ఇంటివాళ్ళలో ఎవరు పిలిచినా పిలుపే అని తీర్పు చెప్పినదాన్ని నేనే. పిలవలేదు. మా ఆయనకి భయపడి కాదు. నేను నవ్వానన్న సంగతి వాడు లోపలికి వస్తే నాతో పాటు ఆ ఇంట్లో కూర్చుంటుందని భయం. కాసేపటికి చెప్పులు కదిలి వెళ్ళిపోయాయి.

వాడు ఎక్కడ తేలాడో చెబితే మీరు నవ్వుతారు. రెండేళ్ళు ఒంగోల్లో ఉండి, చివరికి బెల్జియంలోనే ఉద్యోగం సంపాదించాడు. ఏడాదికి రెండు ఫోన్లు. అక్కడ వాన ఎక్కువ అనేవాడు, ఇక్కడా అంతే అనేదాన్ని. బావ ఎలా ఉన్నాడని ఎప్పుడూ అడగలేదు. నేను చెప్పనూ లేదు.

కిందటేడు ఒక మీటింగ్ కోసం వాడు సింగపూర్‌లో వన్-నార్త్ ఆఫీసుకి వచ్చాడు. ఆదివారం ఉదయం, ఇప్పుడు పుంగ్గోల్‌లో ఉన్న మా ఫ్లాట్ బెల్ మోగింది. మా అమ్మాయి తలుపు తీసింది. మేనమామని ఫొటోల్లోనే చూసింది అది.

"అమ్మా, మామయ్య వచ్చాడు! కమ్ ఇన్ లా మామా, వై స్టాండింగ్ దేర్?" అని గ్రిల్ బార్లా తెరిచింది.

వాడు కదల్లేదు. నెత్తి మీద సగం జుట్టు లేదు, చేతిలో చాక్లెట్ల డబ్బా ఉంది. చాక్లెట్లు అమ్మాయికిచ్చాడు, కానీ పాదం గడపకి ఇవతల పెట్టలేదు. మా ఆయన లోపలి గదిలోంచి వచ్చాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మా ఆయన వెళ్ళి, మూసుకుపోతున్న గ్రిల్‌ని పట్టుకుని నిలబడ్డాడు. ఆ చేత్తోనే, చట్రం మీద, ఆ వంకర వేళ్ళతోనే. తమ్ముడు ఆ వేళ్ళకేసి చూసి తల దించుకున్నాడు.

నేను పైకే అన్నాను. "రారా, లోపలికి రా. నేను పిలుస్తున్నాను. తిన్నావా?"

"లేదక్కా," అన్నాడు.

చెప్పులు విప్పి గడప దాటాడు. దాటి, వెనక్కి తిరిగి గ్రిల్ తనే అందుకున్నాడు. బావ చెయ్యి ఎక్కడుందో చూశాడు. ఆ చెయ్యి పూర్తిగా లోపలికి వచ్చేదాకా ఆగి, మెల్లగా మూశాడు.