కడుపు నిండిన తోడేలు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెబడిలో అయ్యవారిగా ఉండేవాణ్ని. ఒకరోజు చిన్నపిల్లలకు తోడేలు బొమ్మ నేర్పుదామని నల్లబల్ల మీద గీయడం మొదలుపెట్టినాను. ముందు కోడిగుడ్డు మాదిరి ఒళ్లు గీసి, తర్వాత మెడ, నిక్కబొడుచుకున్న చెవులు పెట్టినాను. "దీని తోక కుక్కతోక మాదిరి మెలి తిరగదు, కిందికి వేలాడతాది" అని చెప్పినాను. పిల్లలు పలకల మీద వంగి గీస్తాండారు.

ముందు వరసలో ఒక పాప మాత్రం బలపం ముట్టలేదు. కండ్లనిండా నీళ్లు. ఏమైందని అడిగితే పక్కనున్న పిల్ల చెప్పింది.

"మొన్న వాళ్ల మేకపిల్లను తోడేలు ఎత్తుకపోయింది, అయ్యవారూ."

నాకు మనసు చివుక్కుమంది. "నువ్వు జింకను గీయి తల్లీ" అన్నాను. పాప వద్దని తల ఊపింది. ముక్కు తుడుచుకుని బలపం పట్టుకుంది.

కాసేపటికి పోయి చూస్తే పలకంతా తోడేలు కడుపే. చోటు చాలక కాళ్లు నాలుగు పొట్టి గీతలైనాయి.

"కడుపు ఇంత పెద్దగా గీసినావేమమ్మా?"

"బాగా తినేసింది, అయ్యవారూ. ఇంక దానికి ఆకలి కాదు. మా ఇంటికి రాదు. మాకు ఇంగొక మేకపిల్ల ఉంది."

"చానా బాగుంది" అన్నాను. చుట్టూ చేరి చూసిన పిల్లలు తమ తోడేళ్ల కడుపులు కూడా పెంచుకున్నారు.

సాయంత్రం పాప బొమ్మ చెరిగిపోకుండా పలకను ఒంటికి దూరంగా పట్టుకుని ఇంటికి పోయింది. మరునాడు వట్టి చేతులతో వచ్చింది. పలక యాడుందని అడిగితే, మేకపిల్లను కట్టేసిన గుంజకు ఆనించి పెట్టినానని చెప్పింది.