షోకేసులోని షట్టర్

కెమెరాలో షట్టర్ అంటే తలుపు. వెలుతురును క్షణకాలం లోపలికి రానిచ్చి మూసుకుంటుంది. ఆ తలుపును ఇంట్లోనే రేకుతో చేసుకోవచ్చని కరీంనగర్ గ్రంథాలయంలో, అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివాను. ఇంటర్ తప్పినవాణ్ని. అక్కడి మేనత్త ఇంట్లో ఉంటూ, పక్కన నిఘంటువు పెట్టుకుని కిందటేడు వానాకాలమంతా చదివాను. నా బల్ల మీదే ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు నోట్సు బట్టీ పట్టేవారు. వాళ్లకన్నా నేనే చదువుకున్నవాణ్నని అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మెట్‌పల్లిలో మాకు ఫోటో స్టూడియో ఉంది. మా నాన్న, బాపు, పోయాక అన్న నడుపుతున్నాడు. పెళ్లిళ్లలో లైట్లు మోయడం నా పని. దుకాణం వెనక, బాపు ఫోటోలు కడిగిన చీకటి గది చిరిగిన తెరలతో నిండి పడి ఉంది. నాకు ఆ గది కావాలి. నేను చేసిన కెమెరాతో మనుషుల ముఖాలు తీసి, అక్కడే కడగాలి. లైట్లు మోసేవాడిగా కాక, ఫోటో తీసేవాడిగా ఆ దుకాణంలో నిలబడాలి. అంతే నా ఆశ.

"ఫోన్ల గిట్ల ఒత్తితె వచ్చేదానికి గీ డబ్బ ఎందుకురా, లైబ్రరీ సారూ?" అనేవాడు అన్న.

ప్లైవుడ్ పెట్టె చేసి, ఫోటోలు పెద్దవి చేయడానికి బాపు వాడి మూలన పడేసిన యంత్రంలోని కటకం బిగించాను. దాని ముందు, రెండు గాడుల మధ్య, చీలిక కోసిన రేకు కిందికి జారుతుంది. చీలిక కటకాన్ని దాటేంతసేపే వెలుతురు లోపలికి పోతుంది. రేకు ప్రతిసారీ ఒకే వేగంతో పడాలి. పడలేదు. వాన తేమకు చెక్క గాడులు ఉబ్బి రేకును పట్టుకునేవి. వాటిని తీసేసి అల్యూమినియం గాడులు పెట్టి, రేకు సాఫీగా జారేందుకు పెన్సిలు ముల్లు నూరిన పొడి రాశాను.

వేగం కొలవడానికి పాత కాలిక్యులేటర్‌లోని సోలార్ బిళ్లను పీకి, ఇయర్‌ఫోన్ మైకు తీగకు అతికించాను. కటకం వెనక ఆ బిళ్ల, ముందు ఎండ. రేకు జారినప్పుడు ఆ వెలుతురును ఫోన్‌లో శబ్దంలా రికార్డు చేస్తే, వెలుతురు తగిలినచోట ఒక ముల్లు, ఆగినచోట ఇంకో ముల్లు ఫోన్ తెరమీది గీతలో పొడుచుకొచ్చి కనబడతాయి. వాటి మధ్య దూరమే షట్టర్ తెరుచుకున్న సమయం. ఎన్నిసార్లు వదిలినా ఆ దూరం మారని రోజు వచ్చింది. వదినను పిలిచి చూపించాను. "మంచిగున్నది గని, బియ్యం పట్టించుకరాపో," అంది.

అన్న మాత్రం ఫోటో తీయమని ఎండలో దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. "నా ముఖం మంచిగ వస్తె వెనక రూము నీదే, పో," అన్నాడు.

వచ్చింది. ఆ రాత్రి బాత్‌రూములో, కొని తెచ్చిన మందుతో ఫోటో కాగితం కడిగితే, కనురెప్పల వెంట్రుకలతో సహా వచ్చింది. ఆ ఫోటోను వాట్సాప్‌లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

ఫోటో కాగితం కడిగే మందులను నేనే కలుపుకునేందుకు పాళ్లు రాసుకుందామని దసరా ముందు మళ్లీ కరీంనగర్ వెళ్లి, అక్కడే మేనత్త ఇంట్లో ఆగిపోయాను. పండుగ నాడు దుకాణానికి వచ్చేసరికి ఆయుధపూజ అయిపోయింది. అన్న కెమెరాలు, డ్రోన్ దేవత పటం ముందు బొట్లతో ఉన్నాయి. నాది అక్కడ లేదు. వీధివైపు షోకేసులో, బంతిపూల దండ మధ్య, మెరిసే వార్నిష్ పూతతో కూర్చుంది.

రేకును లేపబోయాను. కదల్లేదు.

"పిల్లలు గుంజి పాడు చేస్తరని జిగురు పెట్టించిన," అన్నాడు అన్న సంతోషంగా. "ఎట్లున్నదిరా?"

"రూము?"

"అండ్ల కప్పుల మీద ఫోటోలేసే మిషన్ పెడ్తున్న తమ్మీ. పరేషాన్ గాకు, దాన్ని నువ్వే నడుపుదువు గని."

అంతలో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి షోకేసు ముందు ఆగింది. "గిది ఏ కాలందన్నా?" అని అడిగాడు ఆ పిల్లగాడు.

"మా బాపు చేసిండు," అన్నాడు అన్న, నా ముందే, ఏమాత్రం తడబడకుండా. "గిసొంటిది జిల్లల ఇంకోటి లేదు."

అన్న నా భుజం తట్టి, ఆ పిల్లగాడి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"జర వీళ్లది తియ్యి. డబ్బ గూడ పడాలె."

తీశాను. ముగ్గురూ సరిగ్గా పడ్డారు: పిల్ల, పిల్లగాడు, డబ్బా.